మూడంతస్తుల ఇంట్లో జిగ్బీ: రెండో డాంగిల్ కొనే ముందు చూసుకోవాల్సినవి

నమస్తే అండి. మీరు రాసినదాన్ని బట్టి పరిస్థితి ఇదీ. జీ ప్లస్ 2 ఇల్లు. కింద హాల్లో టీవీ యూనిట్ వెనక మినీ పీసీ మీద హోమ్ అసిస్టెంట్ (ఇంటి స్మార్ట్ పరికరాలను నడిపే సాఫ్ట్‌వేర్) నడుస్తోంది, దానికే జిగ్బీ డాంగిల్ గుచ్చారు. జిగ్బీ అంటే సెన్సర్లు, స్విచ్‌లు వైర్లు లేకుండా మాట్లాడుకునే రేడియో పద్ధతి, డాంగిల్ దాని యూఎస్‌బీ రేడియో. ఆ డాంగిల్‌ను నడిపే జిగ్బీ2ఎంక్యూటీటీ సాఫ్ట్‌వేర్‌లో 40కి పైగా పరికరాలున్నాయి. కింద అంతా బాగుంది. మొదటి అంతస్తులో అప్పుడప్పుడు లైటు ఆలస్యంగా వెలుగుతోంది. రెండో అంతస్తు తలుపుల సెన్సర్లు, డాబా మీద ట్యాంకు ఓవర్‌ఫ్లో పైపు కింద పెట్టిన లీక్ సెన్సర్ తరచూ ఆఫ్‌లైన్ అవుతున్నాయి. ఇంకో డాంగిల్ కొని పైఅంతస్తులకు వేరే నెట్‌వర్క్ పెట్టాలా, లేక రిపీటర్లతో (సిగ్నల్‌ను అందుకుని ముందుకు పంపేవి) ఉన్నదాన్నే పైకి పాకించాలా అని అడిగారు.

ఉన్నదాన్నే పాకించండి. మీ ఇంటికి ఇప్పుడు విభజన అవసరం లేదు. పైగా విడగొడితే ఇబ్బంది పెరగొచ్చు. జిగ్బీలో ఏ పరికరమైనా ఒక్క నెట్‌వర్క్‌లోనే ఉంటుంది. మొదటి అంతస్తు ప్లగ్గు కింది నెట్‌వర్క్‌లో ఉంటే, పక్క గదిలోనే ఉన్న పైనెట్‌వర్క్ సెన్సర్‌కు అది ఏ సాయమూ చేయదు. ఇప్పుడున్న కొద్దిపాటి జిగ్బీ రూటర్లను, అంటే రిపీటర్ పని చేసే పరికరాలను, రెండు ముక్కలు చేస్తే రెండు వైపులా నెట్‌వర్క్ పలచబడుతుంది.

చాలామంది ముందుగా చేసే పని పెద్ద యాంటెన్నా ఉన్న డాంగిల్ కొనడం, లేదా సెట్టింగ్స్‌లో ట్రాన్స్‌మిట్ పవర్‌ను 20 డీబీఎంకి పెంచడం. సీసీ2652పీ లాంటి చిప్‌లు ఆ పవర్ ఇస్తాయి, నిజమే. కానీ ట్యాంకు దగ్గరున్న సెన్సర్ నడిచేది చిన్న బ్యాటరీతో. మీరు కింద నుంచి మైకులో పిలిస్తే డాబా మీద మనిషికి వినిపిస్తుంది, ఆయన మామూలు గొంతుతో చెప్పే జవాబు మీకు వినిపించదు. ఇక్కడా అంతే. రెండు వైపులా మాట సాగితేనే లింకు నిలబడుతుంది. దగ్గరలో కరెంటుతో నడిచే రూటర్ పెట్టి ఆ సెన్సర్ మాట అందుకోవడమే దీనికి నమ్మకమైన దారి.

ఇక రూటర్ల సంగతి. మీ సమస్యకు మూలం ఇక్కడే ఉందని నా నమ్మకం, అందుకే కాస్త వివరంగా రాస్తాను.

కోఆర్డినేటర్ అంటే మీ డాంగిల్. ఎప్పుడూ కరెంటులో ఉండే ప్లగ్గులు, బల్బులు, న్యూట్రల్ ఉన్న స్విచ్ మాడ్యూళ్లు సాధారణంగా రూటర్లుగా పనిచేస్తాయి. బ్యాటరీతో నడిచేవి ఎండ్ డివైస్‌లు. అవి ఎక్కువసేపు నిద్రలో ఉంటాయి, లేచినప్పుడు తమ పేరెంట్‌తో, అంటే తమ మాటను చేరవేసే పరికరంతో మాత్రమే మాట్లాడతాయి. ఆ పేరెంట్ ఏదో ఒక రూటర్ కావచ్చు, కోఆర్డినేటర్ కావచ్చు. అయితే కరెంటుతో నడిచేదల్లా రూటర్ కాదు. న్యూట్రల్ అక్కర్లేని స్విచ్ మాడ్యూళ్లు బల్బు గుండా వచ్చే కొద్దిపాటి కరెంటుతో బతుకుతాయి కాబట్టి చాలావరకు ఎండ్ డివైస్‌లుగానే ఉంటాయి. మన పాత ఇళ్లలో లైటు, ఫ్యాన్ స్విచ్‌లు మాత్రమే ఉన్న బోర్డుల్లో న్యూట్రల్ వైరు ఉండకపోవచ్చు. అందుకని ఎలక్ట్రీషియన్లు న్యూట్రల్ లేని మాడ్యూళ్లే పెట్టేసి వెళ్తుంటారు. ఇల్లంతా 20 స్మార్ట్ స్విచ్‌లున్నా ఒక్కటీ రూటర్ కాని ఇళ్లు ఉన్నాయి. మీ జిగ్బీ2ఎంక్యూటీటీలో ఒక్కో పరికరం పేజీ తెరిచి చూడండి, అది రూటరో ఎండ్ డివైసో అక్కడే రాసి ఉంటుంది. అంతస్తుకు ఎన్ని రూటర్లున్నాయో కాగితం మీద రాసుకోండి. బోర్డులో 6 యాంపియర్ సాకెట్ ఉంటే ఆ డబ్బాలోకి న్యూట్రల్ వచ్చినట్టే. కాబట్టి కొత్త మాడ్యూల్ పెట్టాలంటే అలాంటి బోర్డునే ఎంచుకోండి.

ఇప్పుడు ఆ జాబితాలో ఏవి రోజంతా ఆన్‌లో ఉంటాయో చూడండి. చాలా నెట్‌వర్క్‌లు కూలేది ఇక్కడే. మన దగ్గర ప్రతి సాకెట్‌కూ పక్కనే స్విచ్ ఉంటుంది. వాడకం అయ్యాక స్విచ్ తీసేయడం మన ఇళ్లలో చిన్నప్పటి నుంచి అలవాటైన జాగ్రత్త, అందులో తప్పు లేదు. స్మార్ట్ ప్లగ్గు పెట్టిన సాకెట్ స్విచ్ ఎవరో తీసేస్తారు, దాంతో ఆ రూటర్ పోతుంది, దాన్ని పట్టుకుని ఉన్న సెన్సర్లు అనాథలవుతాయి. స్మార్ట్ బల్బులదీ ఇదే కథ. మామూలు స్విచ్ వెనక ఉన్న స్మార్ట్ బల్బు రూటర్‌గా పనికిరాదు.

ఒక ఇంట్లో నేను చూసింది చెబుతాను. స్టోర్‌రూమ్ తలుపు సెన్సర్ కొన్ని రోజులకోసారి పోయేది. బ్యాటరీ మార్చారు, సెన్సర్ మార్చారు, అయినా అంతే. నెట్‌వర్క్ మ్యాప్‌లో దాని పేరెంట్ ఎవరో చూస్తే పక్కనున్న పూజగది బల్బు. ఆ బల్బు ఉన్నది గోడ మీది మామూలు స్విచ్ మీద. పొద్దున దీపం పెట్టేటప్పుడు వేస్తారు, అయ్యాక తీసేస్తారు. బల్బు వెలుగుతున్న కాసేపట్లో సెన్సర్‌కు అన్నిటికంటే దగ్గరగా, బలంగా కనిపించేది అదే, వెళ్లి దాన్నే పట్టుకునేది. బల్బు ఆరిపోయాక కొన్నిసార్లు వేరే పేరెంట్‌ను వెతుక్కునేది, కొన్నిసార్లు అక్కడే ఆగిపోయేది. ఆ ఒక్క బల్బు తీసి మామూలు ఎల్‌ఈడీ పెట్టాం. మరే మార్పూ లేకుండా సెన్సర్ నిలబడింది. ఇలా ఆగి ఆగి వెలిగే రూటర్ కంటే అసలు రూటర్ లేకపోవడమే నయం.

పోయిన పేరెంట్‌ను వదిలి కొత్తది వెతుక్కోవడంలో అన్ని సెన్సర్లూ ఒకేలా ఉండవు. కొన్ని కంపెనీల పాత సెన్సర్లు ఒకసారి పట్టుకున్న పేరెంట్‌ను మొండిగా పట్టుకుని కూర్చుంటాయి. వాటిని మళ్లీ జత చేస్తే తప్ప కదలవు. అలాంటివి మీ పైఅంతస్తులో ఉంటే రూటర్ నిలకడ మరీ ముఖ్యం.

దీనికి తోడు కరెంటు కోత. మీకు ఇన్వర్టర్ ఉందని రాశారు, కానీ అది ఇల్లంతటికీ ఉండదు కదా. సాధారణంగా లైట్లు, ఫ్యాన్లు, కొన్ని 6 యాంపియర్ సాకెట్లు ఇన్వర్టర్ మీద ఉంటాయి. గీజరు, ఏసీ, పవర్ ప్లగ్గులు ఉండవు. రూటర్‌ను గీజరు పాయింట్ మీద పెడితే కరెంటు పోయిన ప్రతిసారీ ఆ అంతస్తు సెన్సర్లన్నీ చెదిరిపోతాయి. మెయిన్ ఎంసీబీ ఒకసారి దించి, ఇన్వర్టర్ మీద ఏ సాకెట్లు బతికి ఉన్నాయో ఇల్లంతా తిరిగి చూడండి. రూటర్లు ఆ సాకెట్లలోనే ఉండాలి. డాంగిల్ ఉన్న మినీ పీసీ, వైఫై రూటర్ కూడా అదే లైన్ మీద ఉండాలి. ఈ ఒక్క తనిఖీతో సగం ఇళ్ల సమస్య తెలిసిపోతుంది.

సెన్సర్ ఎప్పుడు పోయిందో సమయంతో పోల్చి చూస్తే కారణం దొరుకుతుంది, కానీ అక్కడొక చిక్కుంది. జిగ్బీ2ఎంక్యూటీటీలో అవైలబిలిటీ (పరికరం పలుకుతోందో లేదో చూసే సెట్టింగ్) ఆన్ చేస్తే, కరెంటు పరికరం 10 నిమిషాలు పలకకపోతే ఆఫ్‌లైన్ అని చూపిస్తుంది. బ్యాటరీ పరికరానికి మాత్రం 25 గంటలు ఆగుతుంది. అంటే ఈ రాత్రి ఆఫ్‌లైన్ అని చూపించిన సెన్సర్ నిజానికి నిన్న సాయంత్రమే మాట మానేసింది. జెడ్‌హెచ్‌ఏ (హోమ్ అసిస్టెంట్‌లోనే ఉండే జిగ్బీ సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లకు ఈ గడువులు కరెంటు వాటికి 2 గంటలు, బ్యాటరీ వాటికి 6 గంటలు. కాబట్టి ఆఫ్‌లైన్ అని చూపించిన సమయాన్ని పట్టించుకోకుండా లాస్ట్ సీన్ సమయం, అంటే పరికరం చివరిసారి పలికిన సమయం చూడండి. అది మీ వీధిలో కరెంటు పోయిన వేళకో, ఇంట్లో ఎవరో స్విచ్ తీసిన వేళకో సరిపోతే దొంగ దొరికినట్టే.

రూటర్లు ఎక్కడ పెట్టాలి? మన ఇళ్లలో రేడియోకు పెద్ద అడ్డు స్లాబ్. కాంక్రీటు, దానిలోపల వల అల్లినట్టు ఇనుప కడ్డీలు. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడను జిగ్బీ బాగానే దాటుతుంది, తొమ్మిది అంగుళాల గోడను కాస్త నీరసంగా దాటుతుంది, స్లాబ్ దగ్గర మాత్రం బాగా తగ్గిపోతుంది. అందుకే అంతస్తు నుంచి అంతస్తుకు వెళ్లే దారిగా మెట్లను వాడుకోండి. స్లాబులో కోసిన కంత అదొక్కటే కదా. కింద మెట్ల మొదట్లో ఒక రూటర్, మధ్యలో మెట్లు మలుపు తిరిగే చోట ఒకటి, పైఅంతస్తులో మెట్లు దిగే చోట ఒకటి. ఒకదానికొకటి కంటికి కనిపించేలా ఉంటే మంచిది. డాబా మీదికి వెళ్లే మెట్ల గదిలో లైటు పాయింట్ ఉంటుంది కాబట్టి అక్కడ ఇంకొకటి. ట్యాంకు సెన్సర్‌కు పేరెంట్ కావలసింది అదే. ఆ గదికి ఇనుప తలుపు ఉంటే రూటర్‌ను తలుపు వెనక కాకుండా కిటికీ వైపు పెట్టండి.

రూటర్‌గా ఏది కొనాలంటే, లోడు స్విచ్ చేయాల్సిన పని లేనిచోట యూఎస్‌బీతో నడిచే చిన్న రిపీటర్ చాలు. మామూలు ఫోన్ ఛార్జరుకు గుచ్చి వదిలేయొచ్చు. మీ దగ్గర పాత సీసీ2652 డాంగిల్ ఉంటే దానిలో రూటర్ ఫర్మ్‌వేర్ ఎక్కించినా అద్భుతంగా పనిచేస్తుంది. నాకు వీటి మీదే ఎక్కువ నమ్మకం. ఎవరూ వీటిని లైటు అనుకుని ఆపరు. సాకెట్ స్విచ్ మీద మాత్రం “తీయవద్దు” అని ఒక చీటీ అతికించండి, లేదా సాకెట్‌కు స్విచ్ లేకుండా నేరుగా కనెక్షన్ ఇమ్మని ఎలక్ట్రీషియన్‌తో చెప్పండి. స్విచ్ బోర్డు లోపలి మాడ్యూళ్లను రూటర్లుగా నమ్ముకుంటే ఒకటి గమనించండి. గోడలో పాతిన డబ్బా ఇనుపదైతే సిగ్నల్ ముందు ప్లాస్టిక్ ప్లేటు వైపు నుంచే బయటికి రావాలి. అదే బోర్డు ముందు బీరువా నిలబెడితే అదీ పోయినట్టే.

డాంగిల్ ఉన్న చోటు కూడా మార్చాలి. టీవీ వెనక, మినీ పీసీకి నేరుగా గుచ్చడం రెండు విధాలా నష్టం. యూఎస్‌బీ 3.0 పోర్టులు 2.4 గిగాహెర్ట్జ్‌లో రేడియో చప్పుడు పుట్టిస్తాయని ఇంటెల్ 2012లోనే ఒక పత్రంలో వివరించింది. జిగ్బీ నడిచేది ఆ బ్యాండులోనే. ఒక మీటరు యూఎస్‌బీ 2.0 ఎక్స్‌టెన్షన్ కేబుల్ తెచ్చి డాంగిల్‌ను పీసీకి, టీవీకి, వైఫై రూటర్‌కు దూరంగా, కాస్త ఎత్తులో పెట్టండి. సజ్జ మీద అయినా ఫర్వాలేదు. మీ లక్షణాలు చదివితే ఈ చవకైన కేబుల్‌తోనే మొదటి అంతస్తు ఆలస్యాలు తగ్గుతాయనిపిస్తోంది. రిపీటర్ల కంటే ముందు ఈ పని చేయండి.

తర్వాత చానెల్. జిగ్బీకి 2.4 గిగాహెర్ట్జ్‌లో 11 నుంచి 26 వరకు 16 చానెళ్లున్నాయి. మీరేమీ మార్చకపోతే జిగ్బీ2ఎంక్యూటీటీ 11వ చానెల్ మీద నడుస్తుంది. అంటే 2405 మెగాహెర్ట్జ్, సరిగ్గా వైఫై 1వ చానెల్ కిందికి వస్తుంది. వైఫైని ఆటోలో వదలకుండా 1 మీద, 20 మెగాహెర్ట్జ్ వెడల్పుతో స్థిరంగా పెట్టి జిగ్బీని 20 లేదా 25కి మార్చితే రెండూ ఒకదాన్నొకటి తొక్కుకోవు. 26 ఖాళీగా కనిపించినా వద్దు. కొన్ని పరికరాలు దానికి రావు, కొన్ని దాని మీద పవర్ తగ్గించుకుంటాయి. చానెల్ మార్చినప్పుడు కొన్ని పరికరాలు వెంట రావు, వాటిని మళ్లీ జత చేయాల్సి వస్తుంది. కాబట్టి కొత్త రూటర్లు చేర్చే ముందే, ఒక సెలవు రోజు చూసుకుని ఈ పని ముగించండి.

రూటర్లు చేర్చేటప్పుడు డాంగిల్ దగ్గరి నుంచి మొదలుపెట్టి పైకి వెళ్లండి. ఒక్కోటీ అది శాశ్వతంగా ఉండబోయే చోటే పెట్టి జత చేయండి. కింద హాల్లో కూర్చుని అన్నీ జత చేసి పైకి పట్టుకెళ్లడం సులువే, కానీ బ్యాటరీ సెన్సర్ల విషయంలో అది చేటు. కింద పట్టుకున్న పేరెంట్‌నే పైకి వెళ్లాక కూడా వెతుకుతుంటాయి. రూటర్లన్నీ స్థిరపడ్డాక, సమస్య ఉన్న సెన్సర్లను ఒక్కొక్కటిగా మళ్లీ జత చేయండి. అప్పుడు పర్మిట్ జాయిన్‌ను (పరికరాలను చేర్చుకునే అనుమతిని) “అన్నీ” అని వదలకుండా, ఆ సెన్సర్‌కు దగ్గరి రూటర్‌ను ఎంచుకుని దాని ద్వారా మాత్రమే తెరవండి. పాత పరికరాన్ని డిలీట్ చేయకుండా అలాగే మళ్లీ జత చేస్తే పేరు, ఆటోమేషన్లు ఏవీ పోవు. తర్వాత ఒకటి రెండు రోజులు నెట్‌వర్క్‌ను కదిలించకుండా వదిలేయండి, దారులు సర్దుకోవడానికి సమయం కావాలి. మ్యాప్‌లో ఎల్‌క్యూఐ (లింకు నాణ్యత) అంకె తక్కువ కనిపించిందని కంగారుపడొద్దు. దాన్ని ఒక్కో కంపెనీ చిప్ ఒక్కోలా లెక్కిస్తుంది. లాస్ట్ సీన్ క్రమంగా వస్తుంటే చాలు.

ఇవన్నీ చేశాక కూడా లైట్లు మందకొడిగా ఉంటే, కవరేజీని వదిలి రద్దీ సంగతి చూడండి. జిగ్బీ వేగం సెకనుకు 250 కిలోబిట్లు, అదీ అందరూ పంచుకోవాలి. ఒక మాట మూడు రూటర్లు దాటి రావాలంటే ప్రతి అంగలోనూ గాలిలో మళ్లీ పలకాలి. కరెంటు వాడకం కొలిచే ప్లగ్గులు వోల్టేజీ కాస్త కదిలితే చాలు రిపోర్టు పంపుతాయి. మన లైన్లలో వోల్టేజీ ఎంత ఊగుతుందో మీకు తెలిసిందే. మనిషి ఉనికి పసిగట్టే కొన్ని రాడార్ సెన్సర్లయితే దూరం అంకెను ఆపకుండా పంపుతూనే ఉంటాయి. జిగ్బీ2ఎంక్యూటీటీ లాగ్ తెరిచి ఏది వాగుతోందో చూడండి. పరికరం అనుమతిస్తే రిపోర్టింగ్ వ్యవధి పెంచండి, లేకపోతే ఆ ఒక్క పరికరాన్ని వైఫై రకానికి మార్చండి. నెట్‌వర్క్‌ను రెండు చేసే కంటే ఇది చాలా తేలిక.

విభజన సరైన పని అయ్యే సందర్భాలూ ఉన్నాయి. పైపోర్షన్ అద్దెకిస్తే తప్పకుండా వేరు చేయండి. అద్దెకున్నవాళ్లు ఏ స్విచ్ ఎప్పుడు తీస్తారో మీ చేతిలో ఉండదు, వాళ్ల తలుపులు ఎప్పుడు తెరుచుకున్నాయో మీ ఫోన్లో కనిపించకూడదు కూడా. ప్రహరీ లోపలే విడిగా ఉన్న అవుట్‌హౌస్, పెరట్లో దూరంగా ఉన్న పశువుల కొట్టం లాంటి చోట్ల మధ్యలో రూటర్ పెట్టడానికి కరెంటే ఉండదు, అక్కడా వేరు నెట్‌వర్కే మేలు. పరికరాలు వంద దాటి ఇంకా పెరుగుతుంటే అంతస్తుల వారీగా విడగొట్టడం గురించి ఆలోచించొచ్చు.

అప్పుడు యూఎస్‌బీ డాంగిల్ కాకుండా ఈథర్‌నెట్ కోఆర్డినేటర్ కొనండి. లాన్ కేబుల్ మీదే కరెంటు కూడా తీసుకునే రకాలు దొరుకుతున్నాయి, ఒక్క వైరు పైకి లాగితే పని అయిపోతుంది. వైఫై మీద మాత్రం నడపొద్దు. కోఆర్డినేటర్‌కూ సాఫ్ట్‌వేర్‌కూ మధ్య లింకు ఒక్క క్షణం తెగినా నెట్‌వర్క్ తడబడుతుంది. జెడ్‌హెచ్‌ఏ ఒక్క కోఆర్డినేటర్‌నే నడుపుతుంది కాబట్టి జిగ్బీ2ఎంక్యూటీటీని రెండోసారి విడిగా నడపాలి. దానికి వేరే బేస్ టాపిక్ (దాని సందేశాలకు ముందుండే పేరు), వేరే ప్యాన్ ఐడీ (నెట్‌వర్క్ గుర్తింపు సంఖ్య), వేరే నెట్‌వర్క్ కీ, వేరే చానెల్ ఇవ్వండి. ఒకటి 20 అయితే ఇంకొకటి 25. మొదటి దాని కాన్ఫిగరేషన్ ఫైలును అలాగే కాపీ చేయకండి, రెండు నెట్‌వర్క్‌లకూ ఒకే ప్యాన్ ఐడీ పడితే విపరీతమైన గందరగోళం. కింది రిమోట్‌తో పైలైటును నేరుగా బైండ్ చేయడం (మధ్యలో సాఫ్ట్‌వేర్ లేకుండా జోడించడం), రెండు అంతస్తుల లైట్లను ఒకే జిగ్బీ గ్రూపులో పెట్టడం ఇక కుదరదు. అవన్నీ హోమ్ అసిస్టెంట్ ఆటోమేషన్ల ద్వారానే జరగాలి, అంటే మినీ పీసీ ఆగితే అవీ ఆగుతాయి. రెండో నెట్‌వర్క్‌కు కూడా పైన రాసినట్టు సొంత రూటర్లు కావాలి, అది మాత్రం తప్పదు.

అమెరికా నుంచి వచ్చే బంధువులతో పరికరాలు తెప్పించే ఆలోచన ఉంటే, జెడ్-వేవ్ (జిగ్బీ లాంటిదే మరో రేడియో పద్ధతి) పరికరాలు తెప్పించకండి. అక్కడివి 908 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి, మన దేశానికి కేటాయించింది 865.2. రెండూ కలవవు, ఆ ఫ్రీక్వెన్సీ ఇక్కడ ఇలా వాడటానికి ఇచ్చింది కూడా కాదు. జిగ్బీ సెన్సర్లయితే ఫ్రీక్వెన్సీ అంతటా ఒకటే, బ్యాటరీవి నిశ్చింతగా తెప్పించుకోవచ్చు. 120 వోల్టుల ప్లగ్గులు, స్విచ్‌లు మాత్రం వద్దు. థ్రెడ్ (ఇలాంటిదే ఇంకో రేడియో పద్ధతి) పరికరాలకు మారాలనుకుంటే ఈ విభజన ప్రశ్నే మారిపోతుంది. ఒకే థ్రెడ్ నెట్‌వర్క్‌కు అంతస్తుకొక బోర్డర్ రూటర్ (థ్రెడ్‌ను ఇంటి నెట్‌వర్క్‌తో కలిపే పరికరం) పెట్టుకోవచ్చు. కాకపోతే వేర్వేరు కంపెనీల బోర్డర్ రూటర్లు ఎవరికి వారే నెట్‌వర్క్ పెట్టుకునే గొడవ ఉంది. దాన్ని సరిచేసే పద్ధతి 2024 సెప్టెంబరులో వచ్చిన థ్రెడ్ 1.4లో చేర్చారు, కొనేటప్పుడు ఆ వెర్షన్ ఉందో లేదో చూసుకోండి.

చివరగా మీ ట్యాంకు విషయం. ఓవర్‌ఫ్లో సెన్సర్ తడిస్తే కింద మోటారు ఆగేలా ఆటోమేషన్ పెట్టుకున్నారు. నెట్‌వర్క్ ఎంత బాగున్నా, మోటారు ఆగడాన్ని ఆ ఒక్క సెన్సర్‌కే వదిలేయొద్దు. చాలా జిగ్బీ రిలేల్లో కౌంట్‌డౌన్ ఉంటుంది. మీ ట్యాంకు నిండడానికి మామూలుగా పట్టే సమయానికి ఓ పది నిమిషాలు కలిపి, మోటారు ఆన్ చేసే ఆటోమేషన్‌లోనే ఆ కౌంట్‌డౌన్‌ను రిలేకు పంపండి. అప్పుడు సెన్సర్ పలకకపోయినా, డాంగిల్ ఆగిపోయినా, రిలే తనంతట తానే మోటారును కట్ చేస్తుంది. మోటారు లోడును నేరుగా రిలే మీద వేయకుండా మధ్యలో కాంటాక్టర్ (పెద్ద లోడును మోసే స్విచ్) పెట్టించండి. ట్యాంకు సెన్సర్ 25 గంటలు కాకుండా 6 గంటలు పలకకపోయినా మీ ఫోనుకు కబురు వచ్చేలా, దాని ఒక్కదాని అవైలబిలిటీ గడువును 360 నిమిషాలకు తగ్గించండి. ముందు అది మామూలుగా ఎంతసేపటికోసారి పలుకుతుందో లాస్ట్ సీన్‌లో చూసి, అంతకంటే ఎక్కువ గడువే పెట్టుకోండి.